ఇంటి తలుపుకు ఏ తాళం మేలు: నకలు పుట్టనివ్వనిదా, పుట్టిన నకలును పనికిరాకుండా చేసేదా?

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి మేడమీద రెండు పోర్షన్లున్నాయి. రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో పనిచేసేవారు, విశ్వవిద్యాలయంలో చదువుకొనేవారు వాటిలో ఏడాదో రెండేళ్ళో ఉండి వెళ్ళిపోతుంటారు. మూడేళ్ళ కిందట ఒక పోర్షన్ ఖాళీ చేసిన పెద్దమనిషి రెండు తాళంచెవులూ నా చేతికిచ్చి, అడ్వాన్సు లెక్క చూసుకొని వెళ్ళాడు. పది రోజుల తరువాత నేను పైకి వెళ్ళేసరికి ఆ వాకిలి తీసి ఉంది. లోపల ఆయన అటక మీద మరచిపోయిన ఇత్తడి గుండిగను దించుకుంటున్నాడు. "మధ్యాహ్నం పూట మిమ్మల్ని లేపడం ఎందుకని నేనే తీసుకున్నాను సార్" అంటూ జేబులోంచి మూడో తాళంచెవి తీసి నాకిచ్చాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కాని ఆయనకు ముందు అక్కడ ఉన్న నాలుగు కుటుంబాలవారి జేబుల్లో ఇంకెన్ని చెవులున్నాయోనన్న ఆలోచన ఆ సాయంత్రం నుంచే మొదలైంది.

తాళం కొనేటప్పుడు దుకాణంలో మనకు వినిపించేది ఒక్క మాటే: ఎంత గట్టిది, ఎన్ని లివర్లు (లోపలి మీటలు), కోస్తే తెగుతుందా అని. దాని చెవికి ఎవరు, ఎక్కడ, ఎంతసేపట్లో నకలు తీయగలరన్న ప్రశ్న కొనేవాడూ అడగడు, అమ్మేవాడూ చెప్పడు. అద్దెకిచ్చే ఇంటికి రెండో ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం. ఈ పోలిక ఆ కోణంలో చేస్తున్నాను.

మన పెద్దలు బీగం అనే తాళం గొళ్ళేనికి బయట వేలాడేది. తమిళనాడులోని దిండుక్కల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతితో చేసే ఆ తాళాల పనితనం చూడముచ్చటగా ఉంటుంది. లివర్ తాళం మూలసూత్రం 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంటు పొందినది: ప్రతి లివరూ సరిగ్గా కావలసినంత ఎత్తుకే లేవాలి, తక్కువ లేచినా ఎక్కువ లేచినా గడియ కదలదు. మంచి లివర్ తాళాన్ని తీగతో తెరవడం అంత తేలిక కాదు. అయితే దాని చెవికి నకలు తీయడానికి యంత్రం కూడా అక్కరలేదు. ఆకురాయి, గాట్లు పెట్టని ఒక ఖాళీ చెవి, చేయి తిరిగిన మనిషి ఉంటే చాలు. పైగా బయట వేలాడే తాళం ఇంట్లో ఎవరూ లేరని వీధికంతటికీ చాటి చెబుతుంది. తాళం ఎంత గట్టిదైనా గొళ్ళెం, దాని మరలు బలహీనమైతే దొంగకు తాళంతో పనే ఉండదు. గేటుకు, మేడమీది నీళ్ళ ట్యాంకు గదికి ఇది చాలు. వీధి తలుపుకు చాలదు.

తరువాతది మామూలు పిన్ సిలిండర్: లోపల స్ప్రింగుల కింద ఉండే చిన్న పిన్నులను చెవి గాట్లు సరైన ఎత్తుకు లేపితేనే ఇది తిరుగుతుంది. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇంచుమించు అదే రూపంలో నేటికీ నడుస్తోంది. అయిదు పిన్నులు, ఒక్కోదానికి ఆరు లోతులు అనుకుంటే కాగితం మీద 7,776 రకాల చెవులు వస్తాయి. పక్కపక్క గాట్ల మధ్య లోతు తేడా మరీ ఎక్కువ ఉండకూడదు కాబట్టి నిజానికి వాడుకోగలిగినవి అంతకంటే తక్కువ. నకలు తీసే యంత్రంలో ఒక పక్క అసలు చెవి, మరో పక్క ఖాళీ చెవి బిగిస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. గాట్ల లోతులు ముందే నిర్ణయించిన కొలతల్లో ఉంటాయి గనుక అసలు చెవి చేతిలో లేకపోయినా పని జరగవచ్చు. అమెరికాలోని శాన్‌డియాగోలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో దాదాపు 60 మీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోతోనే ఒక చెవి గాట్లను లెక్కగట్టి చూపించారు. గృహప్రవేశం రోజున దంపతులు కొత్త తాళంచెవి పట్టుకొని నవ్వుతూ దిగిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో కనిపించినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది.

మూడోది గాట్ల బదులు చదునైన ముఖం మీద చిన్న చిన్న గుంటలున్న చెవి. స్విట్జర్లాండులో కాబా సంస్థ 1934లోనే తెచ్చిన ఈ పద్ధతిని మన దుకాణాల్లో కంప్యూటర్ తాళం అంటారు. కంప్యూటర్‌కు దానికి ఏ సంబంధమూ లేదు. గుండిగ సంగతి జరిగిన వారంలో నేను కొన్నది ఇదే. "దీనికి డూప్లికేటు అసాధ్యం సార్" అన్నాడు అమ్మినవాడు. నెల రోజుల తరువాత ఆ మాట పరీక్షించి చూద్దామని బజారు వీధిలో గొడుగు కింద కూర్చునే ఒక తాళాలాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన చెవిని వెలుతురుకు పట్టి, బొటనవేలితో గుంటలను తడిమి, తీగకు గుచ్చిన గుత్తిలోంచి దానికి సరిపోయే ఖాళీ చెవిని లాగాడు. చిన్న డ్రిల్లు యంత్రంలో బిగించి ఒక్కో గుంటా దించుతుంటే ఇత్తడి పొడి ఆయన మోకాలి మీది పాత గుడ్డపై రాలింది. మధ్యలో ఒకసారి టీ తాగాడు. టీతో కలిపి పదిహేను నిమిషాలు, నూట యాభై రూపాయలు. ఆ చెవి నాదేనా అని ఆయన అడగలేదు. చెవి మీద నకలు తీయరాదని చెక్కించుకున్నా లాభం లేదు, ఆ అక్షరాలు ఎవరి చేతినీ పట్టుకోవు. గుంటల చెవి తాళం చెడ్డదని నేననను. డ్రిల్లుకు లొంగని ఉక్కు పిన్నులుంటే బలానికి మేలైనదే. నకలు విషయంలో మాత్రం అది మామూలు సిలిండరుకు అన్నగారే తప్ప వేరే జాతి కాదు.

నకలును నిజంగా కట్టడి చేయాలని చూసేది నాలుగో రకం. ఇందులో ఖాళీ చెవికే పేటెంటు ఉంటుంది. దాన్ని తయారీదారు తన అధీకృత డీలర్లకు తప్ప ఎవరికీ పంపడు. తాళంతో వచ్చిన కోడ్ కార్డు చూపిస్తేనే డీలరు కొత్త చెవి చేయిస్తాడు. అమెరికా మెడెకో చెవి మీద గాట్లు ఏటవాలుగా ఉండి పిన్నులను లేపడంతో పాటు తిప్పాలి కూడా. ఇజ్రాయెల్ ముల్‌టీలాక్‌లో పిన్ను లోపల మరో పిన్ను ఉంటుంది. ఫిన్లాండులో 1907లో పుట్టిన అబ్లాయ్ పద్ధతిలో స్ప్రింగులే ఉండవు, తిరిగే బిళ్ళలుంటాయి. ఇవన్నీ పనితనానికి నిదర్శనాలే. కాని కొనేవాడు తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: పేటెంటు ఏ సంవత్సరంతో ముగుస్తుంది? పేటెంటు గడువు 20 ఏళ్ళు. అది తీరాక ఖాళీ చెవిని ఎవరైనా తయారుచేయవచ్చు, అప్పుడు కార్డు ఉట్టి కాగితమే. కార్డును బీరువాలో పెట్టాలి, తలుపు బిగించే వడ్రంగికి ఇవ్వకూడదు, దాని నంబరును ఫోనులో ఫొటో తీసి దాచుకోకూడదు. చెవి పోతే కొత్తదాన్ని డీలరు ద్వారా తెప్పించుకోవడానికి రోజుల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. అద్దెకుండేవారు దాన్ని ఓర్చుకోరు, సొంత ఇంటివారు ఓర్చుకోగలరు.

అంకెల తాళం, వేలిముద్ర తాళం గురించి క్లుప్తంగా చెబుతాను. మనిషి మారగానే కోడ్ మార్చేయవచ్చు, అది పెద్ద సుఖం. కాని అత్యవసరానికి ఇచ్చే లోహపు చెవి చాలా వాటిలో మామూలు రకమే, దానికీ నకలు పుడుతుంది. కార్డుతో తెరిచే తాళాల్లో పాత 125 కిలోహెర్ట్‌జ్ రేడియో కార్డులకు నకలు తీయడం లోహపు చెవికంటే తేలిక. ఏళ్ళ తరబడి అంట్లు తోమి, బట్టలు ఉతికి వేలిగీతలు అరిగిన మా అమ్మ వేలిని మా బంధువుల ఇంటి యంత్రం నాలుగుసార్లు కాదంది. ఆవిడ ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించేసింది.

నకలు చెవితో జరిగే దొంగతనానికి ఇంకో చిక్కుంది. ఇంటివారు పోగొట్టుకున్న చెవితో తలుపు తీసి దురుద్దేశంతో చొరబడినా అది గృహభేదనమేనని 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ ఉదాహరణతో సహా చెబుతుంది. దొంగతనం బీమా పాలసీలు మాత్రం చాలావరకు బలవంతంగా చొరబడిన ఆనవాళ్ళను అడుగుతాయి. చెవి తిప్పి తీసిన తలుపు మీద గీత కూడా ఉండదు.

వీటన్నిటినీ తూచి నేను రెండు తలుపులకు రెండు రకాల నిర్ణయాలు చేసుకున్నాను. మేముండే కింది భాగపు వీధి తలుపుకు పేటెంటు గడువు ఇంకా చాలా ఏళ్ళున్న కార్డు సిలిండర్ పెట్టించాను. అక్కడ చెవులు పట్టుకొనేది నలుగురమే, ఏళ్ళ తరబడి మారము. పోర్షన్లకు అదే పెట్టడం డబ్బు దండగ. అక్కడ నకలును ఆపాలనే ఆశే వదులుకొని, పాత నకలు దేనికీ పనికిరాకుండా చేసే దారి పట్టాను. యూరో ప్రొఫైల్ అనే ఆకారపు సిలిండరును తలుపు అంచున ఉన్న ఒకే ఒక మర పట్టి ఉంచుతుంది. ఆ మర విప్పి, చెవిని కొద్దిగా తిప్పి లాగితే సిలిండర్ బయటకు వస్తుంది, తాళం పెట్టె కదలదు. వడ్రంగిని పిలవనక్కరలేదు, మొదటిసారి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, ఇప్పుడు అయిదు. కొనేముందు పాతదాని పొడవు కొలవాలి, బయటి వైపు 3 మిల్లీమీటర్లకు మించి పొడుచుకు రాకూడదు, వస్తే పట్టకారుతో విరిచేస్తారు. మరో హెచ్చరిక: నవంబరు వానలకు మన టేకు తలుపులూ వేపచెక్క తలుపులూ ఉబ్బుతాయి. అప్పుడు గడియ రంధ్రంలోకి పూర్తిగా దిగదు, చెవి మాత్రం తిరిగినట్టే అనిపిస్తుంది. ద్వారబంధానికి ఉన్న రంధ్రాన్ని కాస్త అరగదీయించాలి.

రెండు పోర్షన్లకు కలిపి నాలుగు మామూలు పిన్ సిలిండర్లు కొన్నాను. రెండు తలుపులకుంటే రెండు బిస్కెట్ డబ్బాలో ఉంటాయి, ఒక్కోదానికి ఎర్రదారమో పచ్చదారమో కట్టి. ఒక కుటుంబం ఖాళీ చేసిన రోజు సాయంత్రమే ఆ తలుపు సిలిండర్ తీసి, రెండో పోర్షన్ ఖాళీ అయినప్పుడు దానికి బిగించడానికి డబ్బాలో దాస్తాను, డబ్బాలో ముందునుంచి ఉన్నది ఇక్కడ బిగిస్తాను. తిరిగి అదే తలుపుకు అదే సిలిండర్ రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈ నెలాఖరుకు మొదటి పోర్షన్‌లోని నర్సమ్మ నెల్లూరికి బదిలీ మీద వెళుతోంది. చెవులు ఎన్ని ఇస్తావమ్మా అని ఈసారి నేను అడగలేదు. పచ్చదారం సిలిండరుకు గ్రాఫైట్ పొడి వేసి సిద్ధంగా ఉంచాను.