పాత స్విఫ్ట్ డీజిల్‌కి ట్యూనింగ్ బాక్స్: ఐదేళ్లు, 63,000 కిలోమీటర్లు వాడాక

శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి అరకు ఘాట్ మొదలవగానే మా ఆవిడ చెయ్యి దానంతటదే ఏసీ బటన్ మీదికి వెళ్లేది. నేను అడగక్కర్లేదు. 2012లో విశాఖలో కొన్న స్విఫ్ట్ డీజిల్, మనుషులం నలుగురం, డిక్కీ నిండా సామాను. ఏసీ ఆపితే తప్ప మూడో గేర్‌లో ఎక్కేది కాదు.

లోపల ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ ఇంజనే, మారుతి దానికి డీడీఐఎస్ అని పేరు పెట్టుకుంది. 1248 సీసీ, 75 పీఎస్ పవర్, 2000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. 2000 లోపు నిద్రపోతుంది, దాటగానే ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. నడిపినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

2020లో, బండి 98,000 కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ పవర్ పెంచే చిప్ పెట్టించాలన్న పురుగు బుర్రలో దూరింది. మొదట చేసిన పని చెప్పుకోవాలంటే సిగ్గే. స్టీరింగ్ కింద, మెకానిక్ బండి కంప్యూటర్‌ని చెక్ చేసే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే ఏడు వందల రూపాయల బుల్లి డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. రెండు వందల కిలోమీటర్లు నడిపితే మీ డ్రైవింగ్ నేర్చుకుంటుందని దాని మీద రాసుంది. నాలుగు వందలు నడిపాను. అది నేర్చుకున్నదేమీ లేదు, నేర్చుకున్నది నేనే. స్క్రూడ్రైవర్‌తో విప్పి చూస్తే లోపల కరెంటు తీసుకునే పిన్నులకి, మిణుకుమిణుకుమనే పచ్చ లైట్లకి మాత్రమే కనెక్షన్ ఉంది. బండి కంప్యూటర్‌తో మాట్లాడే పిన్నుల నుంచి ఒక్క గీత కూడా ఎటూ పోలేదు.

ఆ తర్వాత మిగిలినవి రెండే దారులు. ఒకటి రీమ్యాప్, అంటే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) లోని సాఫ్ట్‌వేర్‌నే మార్చి రాయడం. రెండోది ట్యూనింగ్ బాక్స్. కామన్ రైల్, అంటే డీజిల్‌ని ఎక్కువ ప్రెషర్‌లో నిలిపి ఉంచే గొట్టం. దాని ప్రెషర్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య కూర్చుని అబద్ధం చెప్పడం బాక్స్ పని. సెన్సర్ పంపిన ఓల్టేజ్‌ని కాస్త తగ్గించి చూపిస్తుంది. రైల్‌లో ప్రెషర్ తక్కువగా ఉందనుకుని ఈసీయూ పెంచమంటుంది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకునే సమయం అంతే ఉన్నా డీజిల్ కాస్త ఎక్కువ పడుతుంది. కథంతా ఇంతే.

నాకు రీమ్యాప్‌కి పాతిక వేలు చెప్పారు, బాక్స్‌కి పదమూడున్నర వేలు. పద్ధతిగా చేస్తే రీమ్యాపే మేలని ఇప్పటికీ అంటాను. ఎందుకంటే అది డీజిల్‌తో పాటు టార్క్ లిమిట్లు, ఇంజెక్షన్ టైమింగ్ కూడా చూసుకుంటుంది. కానీ లక్ష దగ్గరపడిన బండి, ఎప్పుడు ఏది మొరాయిస్తుందో తెలియదు. నచ్చకపోతే అరగంటలో పీకేసి పాత వైరు పెట్టుకోవచ్చు కదా అని బాక్స్ వైపు మొగ్గాను.

అమ్మినాయన చెప్పిన ఒక మాట మాత్రం ఎవరూ నమ్మొద్దు. "ఇదే ఇంజన్ మారుతి ఎస్ఎక్స్4లో, ఎర్టిగాలో 90 పీఎస్ ఇస్తోంది సార్, మీ దానికేం కాదు" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ టర్బో అంటే ఇంజన్‌లోకి గాలి ఊదేది. ఆ 90 పీఎస్ ఇంజన్లలో ఉన్నది స్పీడుని బట్టి రెక్కలు సర్దుకునే వేరియబుల్ జామెట్రీ టర్బో, మన 75 పీఎస్‌లో ఉన్నది మామూలు ఫిక్స్‌డ్ టర్బో. బాక్స్ డీజిల్ పెంచగలదు గానీ గాలి ఎక్కడి నుంచి తెస్తుంది? 1700 ఆర్‌పీఎం లోపు మన టర్బో గాలి ఊదేదే అంతంత మాత్రం. అందుకే టర్బో లాగ్ (తొక్కాక బండి లేవడానికి పట్టే ఆలస్యం) పోతుందన్న మాట వట్టిది. హెయిర్‌పిన్ మలుపులో రెండో గేర్‌లో 1400కి పడిపోతే బాక్స్ ఉన్నా లేకపోయినా బండి అంతే బద్ధకంగా లేస్తుంది.

బిగించిన రోజే మొదటి దెబ్బ. రైల్ సెన్సర్ కనెక్టర్ లాక్ క్లిప్ ఎనిమిదేళ్ల వేడికి ఎండిపోయి ఉంది, మెకానిక్ గోరు తగలగానే పటుక్కుమంది. "ఏం పర్లేదు సార్" అని జిప్ టై బిగించాడు. మరుసటి జులైలో, జోరువానలో, పెందుర్తి దగ్గర చెక్ ఇంజన్ లైట్ వెలిగి బండి 2500 ఆర్‌పీఎం దాటనని మొండికేసింది. ఇంటిదాకా అలాగే ఈడ్చుకొచ్చాను. కనెక్టర్ లూజై నీళ్లు దిగాయి. కొత్త కనెక్టర్ కొని వైర్లు అతికించాక మళ్లీ ఆ గొడవ రాలేదు. పాత బండికి పెట్టించేవాళ్లు కొత్త కనెక్టర్ ముందే చేతిలో పెట్టుకుని వెళ్లండి.

బాక్స్ లోపల ఒకటి నుంచి ఐదు దాకా తిప్పే చిన్న స్విచ్ ఉంది. నాలుగులో పెట్టి ఇచ్చారు. ఆ వారం రోజులూ నేల మీద లేను. కానీ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సిగ్నల్ పడి గట్టిగా తొక్కితే, అద్దంలో వెనక బైకు మీదున్న కుర్రాడు మోచేత్తో ముఖం కప్పుకోవడం కనిపించింది. వెనకంతా నల్లటి పొగ. గాలి చాలక కాలని డీజిల్ అది. ఆ సాయంత్రమే రెండుకి దించాను. ఈ ఐదేళ్లలో ఎక్కువ కాలం రెండులోనే ఉంది, ఈ టర్బోకి అంతకంటే వద్దనే చెబుతాను.

రెండులో ఏం వస్తుంది? 1900 నుంచి 3000 దాకా లాగుడు బాగా తెలుస్తుంది. హైవే మీద లారీని దాటడానికి నాలుగో గేర్‌కి దించే పని సగానికి సగం తగ్గింది, ఐదో గేర్‌లోనే అయిపోతుంది. ఘాట్‌లో మలుపుకీ మలుపుకీ మధ్య మూడో గేర్ నిలుస్తుంది, ఏసీతో సహా. 3500 దాటాక తేడా నాకైతే తెలియలేదు.

మైలేజీ గురించి అందరూ అడుగుతారు. మీటర్‌లో చూపించే అంకెని నమ్మకండి. రైల్ ప్రెషర్ తక్కువని నమ్మిన ఈసీయూ, డీజిల్ కూడా తక్కువే పడిందని లెక్క కడుతుంది. నా మీటర్ 21 చూపించేది. ట్యాంక్ ఫుల్ చేసి, మళ్లీ ఫుల్ చేసి లెక్క వేస్తే 18.5. బాక్స్ పెట్టకముందు 18.2. ఆ కాస్త తేడా నా కుడికాలిదే కావచ్చు.

ఇక క్లచ్. 1,24,000 దగ్గర ఒక నెల సరదాగా బాక్స్ స్విచ్ మూడులో పెట్టి నడిపాను. ఒకరోజు నాలుగో గేర్‌లో తొక్కితే ఆర్‌పీఎం ముల్లు పైకి పరిగెత్తింది గానీ స్పీడు కదల్లేదు, కాసేపటికి కాలిన వాసన. గాజువాక ఆటోనగర్‌లో దించి చూస్తే ప్లేటు రివెట్ల దాకా అరిగింది. "ఇది ఎలాగూ పోయేదే సార్, మీరు తోశారంతే" అన్నాడు మెకానిక్. కంపెనీ నుంచి వచ్చిన క్లచ్ అన్నేళ్లు ఆడిందంటే బాక్స్ మీద పూర్తిగా నెట్టలేను. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్, కూలీ అన్నీ కలిపి తొమ్మిదిన్నర వేలు. అదే పనిలో ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపుకి చిన్న పగులు దొరికింది, అది మార్చాక పొగ ఇంకా తగ్గింది. ఈ పైపు, ఈజీఆర్ వాల్వ్ (పొగని కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), క్లచ్ మూడూ ముందు చూపించుకుని, ఆ తర్వాతే చిప్ సంగతి చూసుకుని ఉండాల్సింది. సగం దిగులు తగ్గేది. ఆయిల్ కూడా ఇప్పుడు పదివేల కిలోమీటర్లకి బదులు ఏడున్నర వేలకే మారుస్తున్నాను.

కాగితాల సంగతి ఒక్క ముక్క. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా పెడితే క్లెయిమ్ దగ్గర పేచీ ఖాయం. ఇవన్నీ కొనే ముందు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బండి ఇప్పుడు 1,61,000 మీద ఉంది. 2027లో పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లాలి, అప్పటికి బాక్స్ పీకేసి పాత వైరే పెట్టేస్తాను. మొన్న డిసెంబర్‌లో అరకు వెళ్లినప్పుడు ఎస్.కోట దాటాక అలవాటుగా మా ఆవిడ చెయ్యి ఏసీ మీదికి వెళ్లింది. "ఉండనీ" అన్నాను. చలేస్తోందని ఆపేసింది.