విశాఖలో బస: సముద్రం ఒడ్డునా, స్టేషన్ దగ్గరా?

సెలవులకు విశాఖపట్నం వెళ్లే కుటుంబాలు బస కోసం ముఖ్యంగా రెండు చోట్ల వెతుకుతాయి: ఆర్.కె. బీచ్ వెంబడి, లేదా రైల్వే స్టేషన్‌కూ ఆర్టీసీ కాంప్లెక్స్‌కూ చుట్టుపక్కల. ఏది మేలన్నది గది అందాన్ని బట్టి కాక, మీరు ఏ వేళకు ఊళ్లో దిగుతారు, పొద్దున్నే ఎక్కడికి వెళ్తారు అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలని నా అభిప్రాయం.

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవారు తెల్లవారుజామునే విశాఖలో దిగుతారు. బీచ్ రోడ్డులోని పెద్ద హోటళ్లు సాధారణంగా మధ్యాహ్నం గాని గది ఇవ్వవు కనుక, రాత్రంతా ప్రయాణం చేసిన పెద్దవాళ్లూ పిల్లలూ స్నానమైనా లేకుండా లాబీలో గంటల తరబడి కూర్చోవలసి వస్తుంది. స్టేషన్ వైపు మాత్రం, గదిలో దిగిన వేళ నుంచి 24 గంటలు లెక్కగట్టే హోటళ్లు దొరుకుతాయి. అరకు వెళ్లే కిరండూల్ రైలు ఉదయం 7 గంటలకు ముందే కదులుతుంది కాబట్టి, ఆ ప్రయాణం ఉన్నవారికి కూడా ఈ వైపే సుఖం. అయితే ఇక్కడ వాహనాల రొద ఎక్కువ; రోడ్డు వైపు కాకుండా వెనకవైపు గది అడగడం మంచిది.

విశ్రాంతి కోసమే వెళ్లేవారికి మాత్రం నేను నిస్సంకోచంగా బీచ్ రోడ్డునే సూచిస్తాను. సూర్యోదయం సముద్రం మీదే కనిపిస్తుంది. 2002లో మ్యూజియంగా తెరిచిన కురుసుర జలాంతర్గామినీ, దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానాన్నీ నడిచి వెళ్లి చూసి రావచ్చు. సాయంత్రం అలల దగ్గర కూర్చుని, అలసట తెలియకముందే గదికి చేరుకోగలగడం పెద్దవాళ్లకు ఎంతో ఊరట.

ఖర్చులో పన్నును మరువకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజు అద్దె 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,400 గదికి పన్నుతో 7,770 అవుతుంది. 7,800 గదికి 9,204 అవుతుంది. అద్దెలో 400 తేడా చెల్లింపులో 1,434కు పెరుగుతుందన్నమాట.

అరకు, విశ్రాంతి రెండూ కావాలనుకునేవారు మొదటి రెండు రాత్రులు స్టేషన్ వైపు, మిగిలినవి బీచ్ రోడ్డులో ఉండవచ్చు. బీచ్ గది తీసుకునే ముందు మాత్రం, సముద్రం మంచం మీద నుంచే కనిపిస్తుందా, బాల్కనీలోంచి పక్కకు వంగి చూడాలా అని ఫోన్‌లో స్పష్టంగా అడగండి.