గుండెలో లోపం తేలిన ఆడకుక్కకి ఇంకొక్క లిట్టర్ (ఒక ఈత పిల్లలు) తీయించాలా, ఆపేయాలా? ఏది మేలు?

మా గోల్డెన్ రిట్రీవర్ చిన్నికి మూడేళ్లు. ఒక ఈత అయింది, ఆరు పిల్లలు, ఆరూ మంచి ఇళ్లకే వెళ్లాయి. రెండో ఈతకి మగకుక్కని కూడా మాట్లాడి పెట్టుకున్నాం, ఇంకో రెండు నెలల్లో హీట్‌కి వస్తుందనగా మామూలు చెకప్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారు స్టెతస్కోప్ ఎడమ చంక కింద పెట్టి ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువసేపు ఆగిపోయారు, మాట్లాడట్లేదు, మళ్లీ పెట్టి విన్నారు. నాకు అప్పుడే గుండె జారిపోయింది. "మర్మర్ వినిపిస్తోందండీ, ఎకో చేయించండి" అన్నారు. మర్మర్ అంటే గుండె చప్పుడు మధ్యలో వినిపించే అదనపు శబ్దం, ఎకో అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. ఎకోలో సబ్ అయోర్టిక్ స్టెనోసిస్ అని తేలింది. గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం మొదట్లో ఒక కవాటం ఉంటుంది కదా, దానికి కాస్త కింద పీచులాంటి గట్టు పెరిగి దారి ఇరుకైపోవడం అన్నమాట.

ఆ రోజు నుంచి నెల రోజులు నా బుర్రలో ఒకటే గోల. మైల్డే కదా ఇంకొక్క లిట్టర్ తీసి ఆపేయాలా, ఏడాది ఆగి మళ్లీ చూపించాలా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంట్లోనే ఉంచుకోవాలా, లేక కుక్కపిల్లలు తీయించే ఉద్దేశం లేని ఇంటికి ఇచ్చేయాలా. ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని నేను తూచుకున్నదంతా రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక మాట. మర్మర్ వినపడగానే ఏదీ తేల్చేసుకోకండి. మర్మర్‌ని 1 నుంచి 6 వరకు గ్రేడ్ చేస్తారు కానీ గ్రేడ్ చిన్నది అంటే జబ్బు చిన్నది అని కాదు, పైగా నాలుగైదు నెలల లోపు కుక్కపిల్లల్లో ఏ లోపం లేకుండా కూడా మర్మర్ వినిపించి తర్వాత పోతుంది. అసలు సంగతి చెప్పేది రక్తం వేగాన్ని కూడా కొలిచే డాప్లర్ ఎకో, అది కూడా గుండె స్పెషలిస్ట్ చేసినది. చిన్నిని టేబుల్ మీద పక్కకి పడుకోబెట్టి, బొచ్చు కొంచెం గీసి, జెల్ రాసి ప్రోబ్ పెట్టగానే మెషిన్‌లో బుస్సు బుస్సుమని శబ్దం, చిన్ని మాత్రం నా చెయ్యి నాకుతూ ఉండిపోయింది, దానికేం తెలుసు పాపం. రక్తం సెకనుకి 3.2 మీటర్ల వేగంతో వెళ్తోందన్నారు. ఆ వేగాన్ని వేగంతోనే హెచ్చించి నాలుగుతో గుణిస్తే ఆ ఇరుకుకి అటూ ఇటూ ఉన్న ప్రెజర్ తేడా వస్తుంది, చిన్నికి సుమారు 41. అది 50 లోపు ఉంటే మైల్డ్, 50 నుంచి 80 మోడరేట్, 80 దాటితే సివియర్. కుక్క భయపడినా ఎగిరినా వేగం పెరుగుతుంది, మత్తు ఇస్తే ఇంకోలా మారుతుంది, అందుకని ప్రశాంతంగా ఉన్నప్పుడు చేయించాలి, పక్కటెముకల కింద నుంచి కూడా కొలిచారా అని అడగండి, తరచుగా అక్కడే అసలు వేగం దొరుకుతుంది. మేము ఇంకో స్పెషలిస్ట్ దగ్గర కూడా చేయించాం, నంబర్ కొంచెం అటూ ఇటూ వచ్చింది, జబ్బు మాత్రం అదే.

ఇప్పుడు ఇంకొక్క లిట్టర్ సంగతి. నాకు కుక్కల బ్రీడింగ్ నేర్పిన పెద్దాయన ఫోన్‌లో "అమ్మా, మైల్డే కదా, బంగారం లాంటి లైను (వంశం), ఒక్క ఈత తీసి ఒక ఆడపిల్లని ఉంచుకుని తల్లికి ఆపేయ్" అన్నారు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే, ఆ మాటలో న్యాయం లేదని కూడా అనను. చిన్ని స్వభావం, తుంటి ఎక్స్‌రేలు, కళ్లు అన్నీ బాగున్నాయి, అలాంటి కుక్క ఒక లోపం వల్ల లైనులో లేకుండా పోతే ఆ మంచి అంతా పోతుంది. తక్కువ కుక్కలున్న జాతుల్లో ఈ వాదనకి ఇంకా బరువుంటుంది.

కానీ మైల్డ్ తల్లికి మైల్డ్ పిల్లలే పుడతాయని ఎవరూ రాసివ్వలేరు. ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, పిల్లల్లో కొన్నిటికి ఏమీ ఉండదు, కొన్నిటికి తల్లిలాగే కొద్దిగా, ఒకదానికి సివియర్ రావచ్చు. సివియర్ వచ్చిన కుక్కలు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, పరిగెడుతూ పరిగెడుతూ కూలిపోతాయి, ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే. మందు ఉంది కదా అంటారా, గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ ఇచ్చిన సివియర్ కుక్కలకీ ఇవ్వనివాటికీ ఆయుష్షులో తేడా రాలేదని 2014లో వచ్చిన ఒక స్టడీలో తేలింది. ఎనిమిది వారాల పిల్లని ఇచ్చేటప్పుడు చూసి కూడా చెప్పలేం, ఎందుకంటే ఈ గట్టు పుట్టాక మొదటి నెలల్లో పెరిగేది, అప్పుడు ఏమీ వినపడకుండా తర్వాత బయటపడచ్చు, ఏడాది నిండాక చేసే ఎకోనే నమ్మాలి. అంటే లోపం ఉందో లేదో నాకే తెలియని పిల్లని ఒకళ్ల చేతిలో పెట్టి పంపాలి. నా చెయ్యి ఆడలేదు. గోల్డెన్లలో ఏ పిల్ల ఈ లోపం మోస్తోందో చెప్పే నమ్మకమైన డీఎన్ఏ టెస్ట్ కూడా లేదు, ఉంటే ఈ లెక్క ఇంకోలా ఉండేదేమో.

తల్లి వైపు నుంచి చూసినా అంతే. కడుపుతో ఉన్న 63 రోజులూ గుండె ఎక్కువ రక్తం తోడాలి, తర్వాత కాన్పు, కాన్పు కాకపోతే అర్ధరాత్రి సిజేరియన్, అప్పుడు మత్తు. మైల్డ్ అయితే తట్టుకునే అవకాశమే ఎక్కువ కానీ మోడరేట్, సివియర్ వచ్చిన కుక్కని ఈ దారిలో ఆలోచించనే కూడదు.

ఏడాది ఆగి చూద్దాం అనేది వయసుని బట్టి. తొమ్మిది నెలల కుక్క అయితే, వేగం 2 నుంచి 2.5 మధ్యలో ఎటూ తేలకుండా ఉంటే, ఆగడమే కరెక్ట్, ఏడాది దాటాక మళ్లీ చేయిస్తే తేలుతుంది. చిన్నికి మూడేళ్లు, రెండుసార్లు అదే వచ్చింది, ఇంకా ఆగడం అంటే నేను జవాబు వినడానికి ఇష్టపడక వాయిదా వేయడమే.

ఇంకో ఇంటికి ఇవ్వడం చెడ్డ దారేం కాదు, ఇంట్లో నాలుగైదు కుక్కలుండి ఒక్కోదానికి టైమ్ చాలనివాళ్లకి, రిపోర్ట్ కాపీతో సహా అన్నీ చెప్పి, ఆపరేషన్ చేయించి ఇస్తే ఆ కుక్కకి సోఫా మీద ఇంకా మంచి బతుకు దొరకచ్చు. నిజం దాచి ఇవ్వడం మాత్రం వద్దు. చిన్ని రాత్రిపూట మా అమ్మ మంచం కింద తప్ప ఇంకెక్కడా పడుకోదు, మా ఇంట్లో ఈ మాట ఎత్తడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు.

ఇక మిగిలింది ఆపేసి ఇంట్లో ఉంచుకోవడం. ఇక్కడ కూడా రెండు దారులు, ఆపరేషన్ చేయించడం, చేయించకుండా హీట్ వచ్చినప్పుడల్లా కాపలా కాయడం. గుండె జబ్బు ఉంది మత్తు ఎందుకులే అని చాలామంది రెండోది పడతారు. మైల్డ్ కుక్కకి ముందే ఎకో రిపోర్ట్ చూపించి, గుండెకి తగ్గ మత్తు మందులతో, ఆపరేషన్ అంతసేపూ ఈసీజీ చూస్తూ చేస్తే భయపడేంత రిస్క్ కాదని స్పెషలిస్ట్ అన్నారు. చేయించకపోతే హీట్ అయిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పట్టే జబ్బు, పయోమెట్రా, ఎప్పుడైనా రావచ్చు, అప్పుడు జ్వరంతో నీరసంగా ఉన్న కుక్కకి అదే మత్తు ఎమర్జెన్సీలో ఇవ్వాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయించడమే మేలనిపించింది, చేయించాం, మూడో రోజుకే కుట్లు నాకడానికి తయారైంది. సివియర్ కుక్క అయితే ఈ లెక్క మారిపోతుంది, అక్కడ స్పెషలిస్ట్ మాటే. ఇంకోటి, ఈ లోపం ఉన్నవాటికి కవాటానికి ఇన్ఫెక్షన్ పట్టే ప్రమాదం ఎక్కువ, పళ్లు క్లీన్ చేయించేటప్పుడు యాంటీబయాటిక్ సంగతి ముందే అడగండి.

ఇదంతా మా జబ్బుకి. వేరే లోపమైతే తూకం వేరు. పీడీఏ అని, కడుపులో ఉన్నప్పుడు తెరిచి ఉండి పుట్టాక మూసుకోవాల్సిన నాళం మూసుకోకపోవడం, దాన్ని కాలి రక్తనాళం గుండా చిన్న ప్లగ్ పెట్టి మూసేస్తే చాలా కుక్కలు మామూలుగా బతికేస్తాయి, కానీ నాళం మూసినా జీన్స్ అలాగే ఉంటాయి కాబట్టి బ్రీడింగ్ వద్దనే అంటారు. కావలియర్లు అనే చిన్న జాతి కుక్కల్లో కవాటం అరిగే జబ్బు దాదాపు అన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, అన్నిటినీ ఆపేస్తే జాతే మిగలదు, అందుకే వాటిలో రెండున్నరేళ్లు నిండేదాకా ఆగి గుండె బాగుంటే, తల్లిదండ్రులకి ఐదేళ్లప్పుడు కూడా బాగుంటేనే మేటింగ్ చేయమని పద్ధతి పెట్టారు. డోబర్‌మాన్లలో గుండె కండరం సాగిపోయే జబ్బు తరచుగా అప్పటికే రెండు మూడు ఈతలయ్యాక బయటపడుతుంది, వాటికి ఏటా ఎకో, 24 గంటల హోల్టర్ (ఒంటికి కట్టి ఉంచే ఈసీజీ) చేయించక తప్పదు.

చిన్ని చెల్లెలు ఉంది కదా దానితో లైను నిలబెట్టచ్చు కదా అంటే, ఎకో క్లీన్‌గా వస్తే అది చిన్నికంటే వంద రెట్లు మేలైన దారి, మగకుక్కకీ దాని అమ్మానాన్నలకీ కూడా క్లీన్ రిపోర్ట్ ఉండాలి. నేను ఇంకా నిర్ణయం తీసుకోలేదు.

అన్నిటికంటే కష్టమైన పని లెక్కలో రాలేదు, ఆరు ఇళ్లకి ఫోన్ చేయడం. మొదటి ఈతకి ముందు నేను ఎకో చేయించలేదు, స్టెతస్కోప్‌తో విని బాగుందంటే సరే అనుకున్నా. ఆ తప్పు నాదే. మగకుక్క ఓనర్‌కి ముందు చెప్పా, ఆయనది కూడా చూపించుకోవాలి కదా, రెండు వైపుల నుంచీ వచ్చి ఉండచ్చు. తర్వాత ఒక్కో ఇల్లు. ఒకాయన కోప్పడ్డారు, కోప్పడే హక్కు ఆయనకుంది. మిగతావాళ్లు విన్నారు. పిల్లలకి ఏడాది నిండుతోంది, ఎకో ఖర్చు నేనే పెట్టుకుంటా అన్నా, ఇప్పటికి ముగ్గురు చేయించారు. రెండిటికి ఏమీ లేదు. ఒకదానికి 2.8 వచ్చింది, అంటే ప్రెజర్ తేడా 31, మైల్డ్. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ల బాబు, "ఆంటీ, ఇంక బంతి వెయ్యకూడదా దానికి?" అని ఫోన్ లాక్కుని మరీ అడిగాడు. డాక్టర్ గారిని అడిగి చెప్పా, వెయ్యొచ్చు నాన్నా, ఆయాసపడుతుంటే మాత్రం ఆపెయ్, ఏడాదికోసారి చూపించుకుందాం అని. ఇంకా ముగ్గురివి చేయించాలి.