తుపాను ముసురుల్లో ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ: మిర్యాలగూడ నుంచి కొన్నేళ్ల వాడకం తర్వాత

మా ఇల్లు మిర్యాలగూడ శివారులో, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు పొలాలను ఆనుకొని ఉంటుంది. 2019 చివర్లో ఒక 900 వీఏ (వోల్ట్ ఆంపియర్, అంటే అది మోయగల లోడు) సైన్‌వేవ్ ఇన్వర్టర్, దానికి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే నిల్వ చేసుకోగల కరెంటు) టాల్ ట్యూబులర్ బ్యాటరీ, అంటే నీళ్లు పోసుకొనే రకం పొడవాటి సీసపు బ్యాటరీ ఒకటి పెట్టించాము. నేటికీ అదే జత పనిచేస్తున్నది. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటిన మొంథా, వీటన్నిటి ముసురూ మా ఊరిని తడిపే వెళ్లింది. కోతల కాలంలో వచ్చే ఈ వానలకు జనమంతా కల్లాల్లోని వడ్ల రాశుల మీద పట్టాలు కప్పే హడావుడిలో ఉంటారు కనుక, ఇంట్లో కరెంటు సంగతి చీకటి పడేదాకా ఎవరికీ గుర్తుకు రాదు.

వేసవి గాలిదుమారానికి పోయే కరెంటుకూ, చలికాలపు తుపానుకు పోయే కరెంటుకూ తేడా ఉన్నది. మొదటిది చాలాసార్లు గంటా రెండు గంటల్లో తిరిగి వస్తుంది. రెండోది వానలో జంపర్ (స్తంభం మీద తీగలను కలిపే చిన్న వైరు) తెగినా, తడి నేలలో స్తంభం ఒరిగినా, వాన తెరిపి ఇచ్చి లైన్‌మన్ స్తంభం ఎక్కేదాకా రాదు. వచ్చినా నిలవదు. అందుకే ఎక్కువసేపు ఆగాలంటే రెండు బ్యాటరీలు కావాలని దుకాణాల్లో చెబుతుంటారు. నా అనుభవంలో ఆ ఖర్చు అనవసరం. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్‌లో పోయేది, బ్యాటరీ అడుగంటకుండా మిగల్చవలసినది తీసివేస్తే చేతికి వచ్చేది సుమారు 1100 అనుకోవచ్చు. ఎండాకాలంలో 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు, నాలుగు లైట్లు కలిస్తే అది నాలుగు గంటలకే అయిపోతుంది. చలికాలపు ముసురులో ఫ్యాన్ల అవసరమే లేదు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, వైఫై రూటరు, ఫోన్ల చార్జింగు అన్నీ కలిపినా 60 వాట్లు దాటవు కాబట్టి, కొత్త బ్యాటరీ అయితే ఒక రాత్రి, మరునాడు సగం పగలు నడుస్తుంది.

అయితే ఈ లెక్క బ్యాటరీ నిండుగా ఉన్నప్పటిది. ఖాళీ అయిన ట్యూబులర్ బ్యాటరీ మళ్లీ నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. తుపాను వేళల్లో కరెంటు మధ్యలో గంటసేపు వచ్చి పోతే అందులోకి చేరేది చాలా తక్కువ. దీనికి తోడు లోవోల్టేజీ ఒకటి. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్, సాధారణ మోడ్ మధ్య మార్చుకొనే చిన్న మీట ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఉంటే లైన్ వోల్టేజీ 180 కంటే తగ్గగానే కరెంటు లేనట్టే లెక్కగట్టి బ్యాటరీ మీదికి మారిపోతుంది. పక్కింట్లో బల్బులు మినుకుమినుకుమంటూనే వెలుగుతుంటే మన బ్యాటరీ మాత్రం తరుగుతూ ఉంటుంది. సాధారణ మోడ్ 100 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. అందుకని తుపాను హెచ్చరిక రాగానే నేను మొదట చేసే పని ఆ మీట మార్చడం. ఇందులో ఒక లోపం ఉన్నది: కరెంటు మారేటప్పుడు కాస్త ఆలస్యమవుతుంది కనుక డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ల్యాప్‌టాప్ వాడేవారికి ఆ బాధ లేదు.

ఈ జత చేయలేని పని నీళ్లు తోడడం. ఒక హెచ్‌పీ బోరు మోటారుకు నడిచేటప్పుడే 750 వాట్ల దాకా కావాలి, మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు లాగుతుంది. నల్లా నీళ్లు వస్తాయిలే అనుకుందామంటే ఆ కృష్ణా నీళ్లు కూడా పంపులతో రావలసినవే. కాబట్టి హెచ్చరిక వచ్చిన రోజే మిద్దె మీది ట్యాంకు, తాగే నీళ్ల బిందెలు నింపిపెట్టుకోవాలి. ఇడ్లీ పిండి కూడా ముందే రుబ్బుకుంటాము. 750 వాట్ల మిక్సీ వేస్తే ఓవర్‌లోడ్ అని ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతుంది. ఫ్రిజ్‌ను దీనికి కలపలేదు. తలుపు తెరవకుండా ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది, తర్వాత పాలు కాచుకోవడమే.

బ్యాటరీ ఇంతకాలం నిలవడానికి కారణం డిస్టిల్డ్ వాటరే అని నా నమ్మకం. బ్యాటరీ ఆరు మూతల మీద లోపలి నీటి మట్టం చూపే ఆరు తేలే పుల్లలు ఉంటాయి. నీళ్లు తగ్గినకొద్దీ అవి కిందికి జారి ఎర్ర గీత దగ్గరికి వస్తాయి. మా జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసినదే. అది అలా ఉంచితే, ఆ నీళ్లలోని ఉప్పులు బ్యాటరీ పలకలను పాడుచేస్తాయి. ఫిల్టరు నీళ్లు కూడా పనికిరావు. మా బ్యాటరీ ప్లస్ టెర్మినల్ చుట్టూ వానాకాలం చివరికల్లా తెల్లగా, అక్కడక్కడ పచ్చగా పొడి పేరుకుంటుంది. ఇన్వర్టర్ ఆపి, వైరు విప్పి, వేడినీళ్లలో ముంచిన పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక వ్యాజిలైన్ పూసి బిగిస్తే వైరు వేడెక్కడం తగ్గుతుంది. చార్జింగు సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక బ్యాటరీని గాలి ఆడే వరండా మూలలో పెట్టించాము; స్థలం లేదని దేవుడి గూటి కింద పెట్టిన ఇళ్లు చూశాను, దీపం వెలిగే చోట అది తగదు.

ఇప్పుడు బ్యాకప్ కొత్తలో వచ్చినదానిలో సగానికి కాస్త పైన వస్తున్నది. వచ్చే చలికాలానికి ముందే బ్యాటరీ మార్చాలి. లిథియం బ్యాటరీ కొనమని కొందరు అంటున్నారు. నీళ్లు పోసే పని లేదు, బరువు తక్కువ, త్వరగా నిండుతుంది. గంటసేపు వచ్చి పోయే కరెంటుకు ఆ చివరి గుణమే ముఖ్యం. కానీ మా ఇన్వర్టర్ చార్జరు ఇచ్చేదే 15 ఆంపియర్లు. దాన్ని మార్చకుండా లిథియం తెచ్చినా ఆ వేగం మాకు అందదు, రెండూ మార్చాలంటే ఖర్చు చాలా పెరుగుతుంది. అందుకని ఈసారికి మళ్లీ 150 ఏహెచ్ ట్యూబులరే తీసుకుంటాము.