నీటి పైన బాస్ పట్టాలంటే మొదట ఏ లూర్ కొనాలి: పాపరా, ప్లాపరా, స్పూకా, కప్పా?

టెక్సాస్‌లో చలి పూర్తిగా తగ్గి చెరువు నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాయంటే లార్జ్‌మౌత్ బాస్ అనే చేప పైకి చూడటం మొదలుపెడుతుంది. అప్పటిదాకా ప్లాస్టిక్ వానపాముతో అడుగున వెతికినవాళ్లు కూడా టాప్‌వాటర్ లూర్లు, అంటే నీటి పైన ఆడే బొమ్మ ఎరలు, బయటికి తీస్తారు. నీటి మీద తేలే ఎర చుట్టూ ఒక్కసారిగా నీళ్లు బద్దలై, నోరంతా తెరుచుకుని చేప పైకి రావడం కళ్లారా కనిపిస్తుంది. గాలం వేటలో నాకు ఇంతకు మించిన ఆనందం లేదు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ ఊళ్లలో ఇళ్ల మధ్య ఉండే చాలా చెరువుల్లో బాస్ ఉంటుంది. కారెక్కితే లూయిస్‌విల్ లేక్, రే రాబర్ట్స్ లేక్ ఎంతో దూరం కాదు. చిక్కల్లా షాపులోనే. గోడ నిండా లూర్లు వేలాడుతుంటాయి, ప్రతి పెట్టె మీదా పెద్ద చేప బొమ్మే.

ఈ పోలిక గట్టు మీద నిలబడి, ఒకే ఒక మీడియం స్పిన్నింగ్ రాడ్‌తో (మధ్యరకం గట్టిదనం ఉన్న గాలం కర్రతో) మొదలుపెట్టేవాళ్ల కోసం. పడవ, నాలుగైదు రాడ్లు ఉన్నవాళ్ల లెక్క వేరు. నా మాట ముందే చెప్పేస్తాను: నీళ్లు తెరిపిగా ఉంటే చిన్న పాపర్ కొనండి. నీళ్లు ఆకులతో, నాచుతో మూసుకుపోయి ఉంటేనే ఈ మాట మారుతుంది.

పాపర్ అంటే మూతి దగ్గర గుంట ఉన్న చిన్న చేప బొమ్మ. రెబెల్ కంపెనీ పాప్-ఆర్ అందరికీ తెలిసినది. మామూలు సైజు రెండున్నర అంగుళాల పొడవు, పావు ఔన్సు బరువు. తోక దగ్గరి ముల్లుకు ఈకలు కట్టి ఉంటాయి. రాడ్ కొన నీటి వైపు దించి మణికట్టుతో చిన్నగా కుదిపితే, మూతి గుంట నీటిని ముందుకు చిమ్మి బుడుక్కుమంటుంది. తర్వాత ఆపేయాలి. లూర్ చుట్టూ లేచిన వలయాలు చెదిరిపోయేదాకా అలాగే వదిలేయాలి. ఆ కాసేపూ తోక ఈకలు మాత్రం మెల్లగా కదులుతుంటాయి. చప్పుడు విని వచ్చిన బాస్ చాలాసార్లు కిందే నిలబడి చూస్తుంది. లూర్ ఆగి ఉన్నప్పుడో, మళ్లీ మొదటిసారి కదిలినప్పుడో అందుకుంటుంది.

ఆ ఆగడం వల్లనే నేను పాపర్‌ను ముందు పెడతాను. టాప్‌వాటర్‌లో కొత్తవాళ్లకు చేప దొరకకపోవడానికి పెద్ద కారణం లూర్ కాదు, తొందర. నీళ్లు బద్దలైన క్షణంలోనే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. చేప నోరు మూసి తల తిప్పకముందే లూర్ దాని నోట్లోంచి బయటికొచ్చేస్తుంది. చప్పుడు విని కాదు, బరువు చేతికి తెలిశాకే లాగాలి. ఇది చెబితే వచ్చే విద్య కాదు, చేతికి అలవాటు కావాలి. పాపర్‌తో ఆ అలవాటుకు అవకాశం ఎక్కువ, ఎందుకంటే చేప తప్పినా లూర్ అక్కడే తేలుతూ ఉంటుంది. గబగబా చుట్టేయకుండా రెండు మూడు క్షణాలు ఆగి, ఉందా లేదా అన్నంత చిన్నగా ఒక్కసారి కదపండి. అదే చేప మళ్లీ రావడం బాగా జరిగే విషయమే.

ఇంకో లాభం, ఒకే చోట పని చేయించవచ్చు. జమ్ము గడ్డి పక్కన, చెక్క డాక్ నీడలో, నీట మునిగిన కొమ్మ దగ్గర పాపర్ నిమిషంపాటు చప్పుడు చేస్తూ కూడా రెండడుగులు దాటదు. మిగతా లూర్లలో చాలావాటికి ముందుకు కదిలితేనే ప్రాణం. పైగా చిన్నది కాబట్టి అరపౌండు బాస్ కూడా మింగగలదు, అప్పుడప్పుడు బ్లూగిల్ అనే చిన్న చేప కూడా తగులుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏడాదికి ఒక పెద్ద చేప కన్నా రోజుకు నాలుగు కాట్లు ఎక్కువ నేర్పుతాయని నా నమ్మకం. లోపాలూ ఉన్నాయి. తేలిక కాబట్టి ఎదురుగాలిలో దూరం పోదు. నిదానం కాబట్టి పెద్ద లేక్‌లో, చేప ఎక్కడుందో తెలియనప్పుడు, పొద్దంతా ఒకే మూలలో గడిచిపోతుంది.

ఇక వాపర్ ప్లాపర్. చాలామంది మొదట దీన్నే కొంటున్నారు, అందులో న్యాయం ఉంది. లారీ డాల్‌బర్గ్ రూపకల్పన చేసిన ఈ లూర్‌ను రివర్2సీ కంపెనీ అమ్ముతుంది. దీని తోక భాగం మొత్తం గిర్రున తిరుగుతూ నీళ్లను గట్టిగా కొడుతుంది. మీరు చేయాల్సిందల్లా విసిరి, ఒకే వేగంతో చుట్టడం. విద్య ఏమీ అక్కర్లేదు. లైన్ (గాలం దారం) ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది కాబట్టి చేప అందుకున్నప్పుడు చుట్టడం ఆపకపోతే చాలు, చాలావరకు ముల్లు దానంతటదే దిగుతుంది. తొందర చెయ్యికి ఇది మందు లాంటిదే. మోతా ఎక్కువే, నీళ్లు కాస్త మురికిగా ఉన్నా, చిన్న అలలున్నా చేపకు వినపడుతుంది. సైజుల్లో 90 తీసుకోండి, అర ఔన్సు ఉంటుంది, మీడియం రాడ్‌కు సరిపోతుంది. 130 సైజు ఒక ఔన్సు దాటుతుంది, ఆ బరువుకు మీ రాడ్ చాలదు.

అయినా దీన్ని రెండో స్థానంలోనే ఉంచుతాను. ధర పాపర్‌కు దాదాపు రెట్టింపు. చెట్టు కొమ్మలో ఇరుక్కుని ఒకటి పోతే మనసు చివుక్కుమంటుంది, కొత్తలో ఇరుక్కోవడం తప్పదు. నీటిలో సన్నని నాచు తీగ ఒక్కటి తోకకు చుట్టుకున్నా తిరగడం ఆగిపోతుంది, ఆ విసురు వృథా. అన్నిటికన్నా ముఖ్యం, తేటగా, అద్దంలా ఉన్న చిన్న చెరువులో ఆ మోతకు చేపలు బెదరడం చూశాను. అదే నీటిలో పాపర్‌ను చిన్నగా కదిపితే వచ్చాయి. పెద్ద లేక్, కాస్త గాలి, పొడవైన గట్టు ఉంటే మాత్రం ప్లాపర్‌దే పైచేయి. డబ్బు దగ్గర ఆలోచించేవాళ్లకు పాత దారి కూడా ఒకటుంది. 1938లో వచ్చిన ఆర్బోగాస్ట్ జిట్టర్‌బగ్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. మూతికి వెడల్పాటి లోహపు రేకు ఉంటుంది, ఒకే వేగంతో చుట్టితే అటూ ఇటూ ఒరుగుతూ గ్లగ్ గ్లగ్ మంటూ వస్తుంది. ఎండాకాలం రాత్రుళ్లు దీనికి సాటి తక్కువ. చీకట్లో చేప ఆ క్రమమైన చప్పుడును పట్టుకుని వస్తుంది.

స్పూక్ సంగతి వేరు. హెడన్ వాళ్ల జారా స్పూక్ 1939 నుంచీ ఉంది, ఎందరో గొప్ప వేటగాళ్ల పెట్టెలో ఉంటుంది. చుట్ట ఆకారంలో ఉంటుంది, మూతి గుంట లేదు, తిరిగే తోక లేదు. అందమంతా నడకలో ఉంది. ప్రతి కుదుపు తర్వాత లైన్‌ను వదులు చేస్తే లూర్ తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతూ వస్తుంది. బాగా నడిపిస్తే దూరం నుంచి పెద్ద చేపలను కూడా లాక్కొస్తుంది, బరువుంది కాబట్టి చాలా దూరం పోతుంది. కానీ కొత్తవాళ్లు కుదిపాక లైన్ బిగించి ఉంచుతారు, అప్పుడది పుల్లముక్కలా తిన్నగా వచ్చేస్తుంది. లయ దొరికేదాకా ఓపిక కావాలి. ఆ లోపల చేప తగలక చాలామంది టాప్‌వాటర్ మీదే విసిగిపోతారు. కాబట్టి మొదటి లూర్‌గా వద్దు. పాపర్‌తో వదులు లైన్ మీద కుదపడం అలవాటయ్యాక సూపర్ స్పూక్ జూనియర్ తీసుకోండి. మూడున్నర అంగుళాలు, అర ఔన్సు. అప్పటికి సగం విద్య మీ మణికట్టులో ఉంటుంది.

బజ్‌బెయిట్ గురించి ఎక్కువ చెప్పను. పైన రెక్కతో గరగరమంటూ వచ్చే తీగ లూర్ ఇది. ఒకే ముల్లు కాబట్టి పలచని గడ్డిలో బాగా దూరుతుంది, చవక కూడా. కానీ ఆపితే మునిగిపోతుంది. నీటిని తాకీ తాకకముందే చుట్టడం మొదలుపెట్టాలి. రీల్ ఇంకా చేతికి అలవాటు కానివాళ్లకు ఇది టెన్షన్.

ఇప్పుడు కప్ప. లోపల బోలుగా ఉండే మెత్తని రబ్బరు కప్ప, వీపు మీదికి ఆనుకుని రెండు ముళ్లు. చేప నొక్కితే రబ్బరు అణిగి ముళ్లు బయటపడతాయి, లేకపోతే దేనికీ తగులుకోవు. తామరాకుల మీదుగా, నాచు తెట్టె మీదుగా లాగవచ్చు. మూడేసి ముళ్ల కొక్కేలున్న పాపర్‌ను అక్కడ విసిరితే ప్రతిసారీ గుప్పెడు నాచే వస్తుంది. జులై, ఆగస్టులలో చిన్న చెరువులు చాలావరకు ఇలాగే మూసుకుపోతాయి. ఎండకు బాస్ ఆ నీడ కిందే చేరుతుంది. అలాంటి నీరే మీకు దగ్గరుంటే ఈ పోలిక అక్కర్లేదు, కప్ప ఒక్కటే దారి.

అయితే కప్ప లూర్ ధర చూసి మోసపోవద్దు, అసలు ఖర్చు మిగతా సరంజామాది. ఆ రెండు ముళ్లు గట్టివి, దిగాలంటే బలంగా లాగాలి. దిగాక చేపను ఆకుల కిందికి పోనివ్వకుండా ఒక్క ఊపున పైకి తేవాలి. అందుకు 50 పౌండ్ల పైబడిన లాగుడును తట్టుకునే బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైన్, ఏడడుగుల హెవీ రాడ్, బెయిట్‌కాస్టింగ్ రీల్ వాడతారు. 10 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్) లైన్‌తో కప్ప వేస్తే చేప కాండాలకు చుట్టుకుని తెంపుకుపోతుంది, దాని నోట్లో ముళ్లు మిగిలిపోతాయి. అది చేపకు చేసే అన్యాయం. పైగా ఆకుల మందం మీదుగా కొట్టే చేప ఎక్కువసార్లు గురి తప్పుతుంది. అన్నీ సరిగ్గా చేసినా దక్కే కాట్లు తక్కువే.

కప్ప కొన్నవాళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇదే లూర్ కొర్రమీనుకు పనికొస్తుంది. బాస్ మన చెరువుల్లో ఉండదు, కానీ తూడు, తామర నిండిన నీళ్లలో పైన కదిలేదాన్ని మాటు వేసి పట్టడంలో తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను దానికేమీ తీసిపోదు. గాలి పీల్చడానికి పైకి వస్తుంది కాబట్టి ఎక్కడుందో బుడగను బట్టి తెలుస్తుంది. పళ్లు పదును, కప్పను చీల్చేస్తుంది, ఒకటి రెండు అదనంగా తీసుకెళ్లండి. చెరువు ఎవరి లీజులో ఉందో కనుక్కుని, అడిగాకే వేయండి.

లైన్ విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫ్లోరోకార్బన్ లైన్ నీట మునుగుతుంది, తేలే లూర్ మూతిని కిందికి లాగుతుంది. పాపర్‌కు 10 లేదా 12 పౌండ్ల మోనోఫిలమెంట్ కట్టండి, అది తేలుతుంది, కాస్త సాగుతుంది కూడా. మీ తొందర లాగుడును ఆ సాగుడు కొంత సర్దుతుంది. రీల్‌లో ఇప్పటికే బ్రెయిడ్ ఉంటే చివర రెండడుగుల మోనో ముక్క కట్టండి, లేకపోతే మెత్తని బ్రెయిడ్ ముందు ముల్లుకు చుట్టుకుంటూనే ఉంటుంది. రంగు గురించి తల బద్దలు కొట్టుకోవద్దు. కింది నుంచి చూసే చేపకు కనపడేది లూర్ పొట్ట. పగటికి తెల్ల పొట్ట, మసక వెలుతురుకు నలుపు చాలు.

వేళ మాత్రం లూర్ కన్నా ముఖ్యం. తెల్లవారి సూర్యుడు నీటి మీద పడేదాకా, సాయంత్రం వెలుగు తగ్గినప్పటి నుంచి చీకటి దాకా. మబ్బు పట్టిన రోజైతే మధ్యాహ్నం కూడా. నడి ఎండలో తెరిపి నీటి మీద ఈ లూర్లలో ఏది వేసినా చేతి నొప్పే మిగలవచ్చు.

పిల్లలతో వెళ్లేవాళ్లు పాపర్ పెట్టెలోంచి తీయగానే ముళ్ల మీద చిన్న ఎదురుముళ్లను ప్లయర్స్‌తో నొక్కేయండి. వేలికి దిగినా సులువుగా వస్తుంది, చేపను వదలడమూ సులువు. ఎగిరి తల విదిలించే బాస్ నోట్లో మూడు ముళ్ల కొక్కెం ఉండగా చేత్తో పట్టుకోకండి, పొడుగు ప్లయర్స్ జేబులో ఉండాలి. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్స్ కావాలి. స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి వేస్తే అక్కర్లేదు కాబట్టి, ఇష్టం ఉందో లేదో చూసుకోవడానికి మొదటిసారి అక్కడికే వెళ్లవచ్చు. లార్జ్‌మౌత్‌ను ఉంచుకోవాలంటే మామూలు నియమం కనీసం 14 అంగుళాల పొడవు, రోజుకు 5 చేపలు. కొన్ని లేక్‌లకు నియమాలు వేరు: లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్యవి వదిలేయాల్సిందే. వెళ్లే ముందు ఆ లేక్ పేరు పెట్టి చూసుకోండి.

పాపర్ తర్వాత రెండోది ఏది అంటే, మీ గట్టు ముందు తెరిపి నీరు ఎక్కువుంటే 90 సైజు ప్లాపర్. ఆకులు ఎక్కువుంటే వెంటనే కప్పకు పోకండి. హెవీ రాడ్‌కు డబ్బు సమకూరేదాకా ఆకుల అంచు వెంబడి పాపర్‌నే వేయండి. తెల్లవారుజామున బాస్ చాలావరకు ఆ అంచు దాకా వచ్చే ఉంటుంది.