ఈకోలెక్స్ సమీక్ష: ఒప్పందాలకు భేష్, మన చట్టాలకు సగం దారి

కంపెనీలో పర్యావరణ విభాగం చూసేవాళ్లకైనా, లా విద్యార్థులకైనా, కాలుష్యం వార్తలు రాసే విలేకరులకైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది: ఫలానా అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం ఉందా, ఉంటే ఏ తేదీ నుంచి, దాని కోసం ఇక్కడ ఏ చట్టం తెచ్చారు? డబ్బు కట్టమనకుండా, లాగిన్ అడగకుండా దీనికి జవాబు వెతికిపెట్టే సైటు ఈకోలెక్స్. ఒప్పందాల వరకు దీనికి అయిదుకు నాలుగున్నర మార్కులు వేయొచ్చు. భారత చట్టం ఇవాళ ఎలా ఉందో చెప్పే విషయంలో మాత్రం రెండున్నరే.

ఈ తేడా ఎందుకో తెలియాలంటే సైటును ఎవరు నడుపుతున్నారో చూడాలి. ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ, ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్, ఐరాస పర్యావరణ కార్యక్రమం యూఎన్ఈపీ కలిసి నడుపుతున్నాయి. ఒప్పందాలు, పుస్తకాలు, వ్యాసాల వివరాలు ఐయూసీఎన్ సేకరణ నుంచి వస్తాయి. దేశాల చట్టాలు ఎఫ్ఏఓ వారి చట్టాల డేటాబేస్ ఫావోలెక్స్ నుంచి, కోర్టు తీర్పులు యూఎన్ఈపీ వైపు నుంచి, ఒప్పంద దేశాల సమావేశాల్లో చేసిన తీర్మానాలు పర్యావరణ ఒప్పందాల సమాచారం ఇచ్చే ఐరాస పోర్టల్ ఇన్ఫార్మియా నుంచి చేరతాయి. ఎఫ్ఏఓ దృష్టి సహజంగానే సాగు, భూమి, నీరు, అడవి, చేపల మీద ఉంటుంది. అందుకే ఆ రంగాల చట్టాలు దండిగా దొరుకుతాయి. ఫ్యాక్టరీ పొగ గొట్టానికీ మురుగు కాలువకీ సంబంధించిన నిబంధనలు అంత నిండుగా ఉండవు.

వాడటం కష్టమేమీ కాదు. మొదటి పేజీలో వెతుకుపెట్టె ఉంటుంది. ఫలితాలు వచ్చాక ఒప్పందాలు, తీర్మానాలు, చట్టాలు, తీర్పులు, సాహిత్యం అనే విభాగాల్లో ఏది కావాలో ఎంచుకోవాలి. ఆ తర్వాత విషయం, కీలక పదం, దేశం, సంవత్సరం ఫిల్టర్లు పెట్టుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. 'పొల్యూషన్ ఇండియా' అని పెట్టెలో కొట్టి వదిలేస్తే సారాంశంలో ఎక్కడో ఆ మాట ఉన్న రికార్డులన్నీ గుట్టగా వచ్చి పడతాయి. దేశాన్ని పెట్టెలో రాయకుండా ఫిల్టర్‌లో ఎంచుకుని, విషయంగా వ్యర్థాలు, ప్రమాదకర పదార్థాలు అనే శీర్షికను తీసుకుంటే జాబితా చదవగలిగే స్థాయికి దిగుతుంది. సైటు ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లోనే ఉంది. తెలుగు, హిందీ లేవు.

ఈ సైటు అసలు బలం ఒప్పందం పేజీలో కిందికి వెళితే కనిపించే సభ్య దేశాల పట్టిక. బాసెల్ ఒప్పందాన్నే తీసుకుందాం. ప్రమాదకర వ్యర్థాలను ఒక దేశం నుంచి మరో దేశానికి పంపడాన్ని కట్టడి చేసే ఈ ఒప్పందం 1989 మార్చి 22న కుదిరి, 1992 మే 5న అమల్లోకి వచ్చింది. భారత్ 1992 జూన్‌లో ర్యాటిఫై చేసింది, అంటే అధికారికంగా ఆమోదించి కట్టుబడింది. అదే పట్టికలో అమెరికా వరుస చూడండి. 1990లో సంతకం చేసినట్టు తేదీ ఉంటుంది, ర్యాటిఫికేషన్ గడి ఖాళీ. ఆ ఖాళీ గడి విలువ తెలియక స్క్రాప్ వ్యాపారంలో దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒప్పందంలో లేని దేశంతో ప్రమాదకర వ్యర్థాల ఎగుమతి, దిగుమతి రెండూ కుదరవని నాలుగో అధికరణంలోని అయిదో క్లాజు చెబుతోంది. పదకొండో అధికరణం కింద విడిగా ఒప్పందం ఉంటేనే మినహాయింపు. విశాఖకో చెన్నైకో కంటైనర్ రప్పించే ముందు సరుకు ధరకన్నా ముందు చూడాల్సింది ఈ వరుసనే.

బాసెల్ ఒప్పంద పాఠం తెరిచేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. మీ చేతికి వచ్చింది 1989 నాటి మూల పాఠం అయితే అందులో ఎనిమిది, తొమ్మిది అనుబంధాలు ఉండవు. అవి చేరింది 1998లో. ఏది ప్రమాదకరం, ఏది కాదు అని ఏ, బీ కోడ్‌లతో విడదీసేవి ఆ రెండే కాబట్టి, అవి లేని పాఠం రోజువారీ పనికి రాదు. ఆ తర్వాత కూడా జాబితాలు మారాయి. కలగాపులగంగా ఉన్న, మురికి పట్టిన ప్లాస్టిక్ వ్యర్థాలు వై48 కోడ్ కింద 2021 జనవరి 1 నుంచి నియంత్రణలోకి వచ్చాయి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల్లో ప్రమాదకరమైనవీ కానివీ రెండూ 2025 జనవరి 1 నుంచి ముందస్తు సమ్మతి పద్ధతి కిందికి వచ్చేశాయి. పాత జాబితా చూసి 'ఇది బీ కోడే కదా' అనుకుంటే సరుకు రేవులోనే ఇరుక్కుంటుంది. కాబట్టి ఈకోలెక్స్‌లో ఒప్పందాన్నీ తేదీలనూ పట్టుకుని, తాజా అనుబంధాల కోసం జెనీవాలోని బాసెల్, రసాయనాల మీద వచ్చిన రోటర్‌డామ్, స్టాక్‌హోమ్ ఒప్పందాల ఉమ్మడి సచివాలయం సైటుకు వెళ్లాలి. ఏ దేశంలో ఏ అధికారి సమ్మతి ఇవ్వాలో కూడా అక్కడే ఉంటుంది.

తేదీల పట్టిక పూర్తి కథ చెప్పదనడానికి స్టాక్‌హోమ్ ఒప్పందమే ఉదాహరణ. ఏళ్ల తరబడి నశించకుండా ఆహార గొలుసులో పేరుకుపోయే రసాయనాల మీద 2001లో కుదిరిన ఒప్పందం ఇది. భారత్ 2006 జనవరి 13న ర్యాటిఫై చేసిందని పట్టిక చెబుతుంది. అది చూసి, ఆ తర్వాత జాబితాలో చేర్చిన ప్రతి రసాయనమూ మనకు దానంతట అదే వర్తిస్తుందనుకుంటే పొరపాటే. ర్యాటిఫై చేసేటప్పుడే భారత్ ఒక ప్రకటన జతచేసింది. కొత్తగా చేర్చే రసాయనాలు విడిగా ర్యాటిఫై చేస్తే తప్ప తనకు వర్తించవన్నది దాని సారం. 2020 అక్టోబరులో కేంద్ర కేబినెట్ ఏడు రసాయనాల ర్యాటిఫికేషన్‌కు ప్రత్యేకంగా ఆమోదం తెలపాల్సి వచ్చింది అందుకే. ఇలాంటి ప్రకటనల పూర్తి పాఠం కోసం ఐరాస ఒప్పందాల భాండాగారం, అంటే యూఎన్ ట్రీటీ కలెక్షన్, చూడక తప్పదు. అందులో పర్యావరణానిది 27వ అధ్యాయం. బాసెల్ మూడో సంఖ్య, రోటర్‌డామ్ 14, స్టాక్‌హోమ్ 15, పాదరసం మీద వచ్చిన మినమాటా 17. దేశం పేరు పక్కన చిన్న అంకె కనిపిస్తే కిందికి దిగి ఆ నోటు చదవాల్సిందే.

ఇక మన చట్టాలు. ఈ విభాగంలో రికార్డు చూసి తీర్మానానికి రాకండి. చట్టం చేసిన నాటి పాఠం ఒక రికార్డుగా, సవరణ మరో రికార్డుగా ఉండొచ్చు. రెంటినీ కలిపి ఇవాళ్టి రూపాన్ని ఇచ్చే బాధ్యత ఈ సైటుది కాదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 15 చూడండి. పాత పాఠం ప్రకారం అయిదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. పలు చట్టాల్లో శిక్షలను సవరించిన జన విశ్వాస్ చట్టం వచ్చాక 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ సెక్షన్‌లో జైలు పోయింది, రూ.10 వేల నుంచి రూ.15 లక్షల వరకు పెనాల్టీ వచ్చింది. పాత పాఠం పట్టుకుని నోటీసుకు జవాబు రాస్తే మొదటి పేరాలోనే పరువు పోతుంది. 1974 నీటి చట్టంతో ఇంకో చిక్కు ఉంది. నీరు రాష్ట్రాల జాబితాలోది కాబట్టి 2024 సవరణ మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. మిగతా రాష్ట్రాలకు వర్తించాలంటే వాటి శాసనసభలు తీర్మానం చేయాలి. ఇలాంటి సూక్ష్మాలకు ప్రభుత్వ చట్టాల సైటు ఇండియా కోడ్, రాష్ట్ర గెజిట్ రెండూ చూసుకోవాలి.

వ్యర్థాల దిగుమతి నిబంధనలూ అంతే. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో మూడో షెడ్యూల్‌లోని పార్ట్-ఏ సరుకుకు ఫారం 5లో కేంద్ర పర్యావరణ శాఖకు దరఖాస్తు చేయాలి, సరుకు వెంట ఫారం 6 ఉండాలి. అక్రమ రవాణా అని తేలితే సరుకు చేరిన 90 రోజుల్లో దిగుమతిదారే సొంత ఖర్చుతో తిప్పి పంపాలి. ఘన ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని 2019 సవరణ ప్రత్యేక ఆర్థిక మండళ్లకు కూడా మూసేసింది. ఫారాలు, షెడ్యూళ్ల స్థాయి పనికి ఈకోలెక్స్ సారాంశం చాలదు.

తీర్పుల విభాగం పరిశోధకులకు నచ్చుతుంది. ఒక దేశం కోర్టు ఇంకో దేశపు సూత్రాన్నో అంతర్జాతీయ సూత్రాన్నో ఎలా తెచ్చుకుందో గుర్తుపట్టడానికి పనికొస్తుంది. మనకు దగ్గరి ఉదాహరణ ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కేసు. ఆ చెరువులకు పది కిలోమీటర్లలోపు నూనెల ఫ్యాక్టరీ పెట్టడం మీద ఏపీ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకూ మధ్య నడిచిన ఈ వ్యాజ్యంలో, హాని రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్త పడాలన్న రియో ప్రకటన సూత్రాన్ని సుప్రీంకోర్టు 1999లో విపులంగా చర్చించింది. 2000 డిసెంబరులో రెండో తీర్పు వచ్చింది. ఒక్కదాన్నే చదివి వదిలేస్తే ఆ పది కిలోమీటర్ల పరిధిలో ఉన్న నిషేధం నుంచి ప్రభుత్వం మినహాయింపు ఇవ్వగలదా అన్న ముఖ్యమైన జవాబు మీకు దొరకదు. వెతికేటప్పుడు పార్టీ పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫలితం రాకపోవచ్చు కాబట్టి, పేరుకు బదులు దేశం, విషయం, సంవత్సరం ఫిల్టర్లతో వెతకండి. ఆ చెరువుల చుట్టూ పరిశ్రమలను కట్టడి చేసిన జీవో 111 లాంటి ప్రభుత్వ ఉత్తర్వులు, జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్జీటీ) రోజువారీ ఆదేశాలు, మండలి ఇచ్చే సమ్మతి పత్రాల షరతులు ఇక్కడ వెతకడం వృథా శ్రమ.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఈకోలెక్స్‌తో పాటు ఇన్ఫార్మియాను కూడా తెరిచి పెట్టుకోవాలి. అక్కడి ఉచిత ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. రికార్డు ఉదహరించేటప్పుడు పేజీ లింకుతో పాటు రికార్డు సంఖ్యను కూడా రాసిపెట్టుకోండి. ఒప్పందాలకు టీఆర్ఈ, తీర్పులకు సీఓయూ, చట్టాలకు ఎల్ఈఎక్స్ అని మొదలయ్యే ఆ సంఖ్యను పెట్టెలో కొడితే, రేపు లింకు మారినా రికార్డు దొరికే అవకాశం ఎక్కువ.