రిమ్మా, షోల్డరా: .303, .308 హెడ్‌స్పేస్ తేడాలు

రైఫిల్‌లో బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసే కడ్డీ) మూతికీ, చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) తూటాను ఆపే చోటుకీ మధ్య దూరమే హెడ్‌స్పేస్. .303 తూటా రిమ్ (అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు) మీద ఆగుతుంది: గో గేజ్ (బోల్ట్ మూసుకోవాల్సిన కొలత దిమ్మ) 0.064 అంగుళాలు, బ్రిటిష్ సైన్యం ఒప్పుకున్న గరిష్ఠం 0.074. .308 వించెస్టర్ షోల్డర్ (తూటా ఇత్తడి కేస్ మెడ దగ్గర సన్నబడే వాలు) మీద ఆగుతుంది: గో 1.630, నో-గో (బోల్ట్ మూసుకోకూడని దిమ్మ) 1.634, ఫీల్డ్ (వాడుకలో ఉన్న రైఫిల్‌కు చివరి హద్దు) 1.638.

కొలిచే తీరు రెండింటికీ ఒకటే. ఖాళీ చాంబర్‌ను శుభ్రంగా తుడిచి, ఫైరింగ్ పిన్ విప్పి, బోల్ట్‌ను వేలితోనే మూయాలి. బలంగా తోస్తే గేజ్ అబద్ధం చెబుతుంది. ఫీల్డ్ గేజ్ మీద కూడా మూసుకుందా, ఇక ఆ రైఫిల్ పేల్చకూడదు.

సరిచేయడం .303 పేల్చే బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4లో తేలిక. బోల్ట్ తల మరతో ఊడి వస్తుంది. 0 నుంచి 3 దాకా అంకెలుంటాయి, పెద్ద అంకె వేస్తే ఖాళీ తగ్గుతుంది. (అంకెను నమ్మొద్దు, మైక్రోమీటర్‌తో కొలవండి.) మామూలు .308 బోల్ట్ యాక్షన్‌లోనైతే బ్యారెల్ విప్పి, లేత్ మీద వెనక్కి జరిపి, మళ్లీ రీమర్ (చాంబర్‌ను తొలిచే పనిముట్టు) పట్టాల్సిందే.

అయితే .303లో గేజ్ పాసైనా కేస్ నిలుస్తుందని లేదు. ఆ చాంబర్లు షోల్డర్ దగ్గర బాగా వదులు, మొదటిసారి పేల్చగానే కేస్ సాగుతుంది. రీలోడింగ్‌లో (పేలిన కేస్‌ను మళ్లీ నింపేటప్పుడు) ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ సైజింగ్ (కేస్ మొత్తాన్ని అచ్చులో నొక్కి పాత కొలతకు తేవడం) చేస్తే రిమ్‌కు కాస్త పైన మెరిసే గీత పడుతుంది. వంచిన సన్నటి తీగ కొనతో లోపల గీరి చూడండి. పల్లం తగిలితే ఆ కేస్ చెత్తబుట్టకే.